‘బిన్-జిప్’: ఇంటిపనితో అల్లిన కల

సియోల్‌లో ఒక కుర్రాడు మోటార్ సైకిల్ మీద వీధి వీధీ తిరుగుతూ ఇళ్ల తలుపులకు హోటల్ పాంప్లెట్లు తగిలిస్తుంటాడు. తగిలించేది సరిగ్గా తాళం రంధ్రం మీదే. తర్వాత మళ్లీ అదే వీధికి వస్తాడు. పాంప్లెట్ ఎక్కడ కదలకుండా ఉందో ఆ ఇంట్లో మనుషులు లేరని లెక్క. తాళం తెరుచుకుని లోపలికి వెళ్తాడు. ఏమీ ఎత్తుకుపోడు. ఆన్సరింగ్ మెషీన్ నొక్కి ఇంటివాళ్లు ఊరెళ్లారో లేదో వింటాడు. స్నానం చేస్తాడు, ఫ్రిజ్‌లో ఉన్నదేదో వండుకుంటాడు, కుండీల్లో మొక్కలకు నీళ్లు పోస్తాడు, విడిచిన బట్టలు చేత్తో ఉతికి ఆరేస్తాడు. పాడైపోయిన వస్తువు కంటపడితే విప్పి బాగుచేస్తాడు. గోడ మీద ఇంటివాళ్ల ఫోటో ఉంటే దాని ముందు నిలబడి తన ఫోటో ఒకటి తీసుకుంటాడు. ఆపైన ఇంకో ఇల్లు వెతుక్కుంటాడు.

కొరియా దర్శకుడు కిమ్ కి-డుక్ 2004లో తీసిన ‘బిన్-జిప్’ ఇలా మొదలవుతుంది. ఖాళీ ఇల్లు అని ఆ పేరుకు అర్థం. మిగతా ప్రపంచానికి ఈ సినిమా ‘త్రీ ఐరన్’గానే ఎక్కువ తెలుసు. గంటన్నర నిడివి. హీరో టే-సుక్ సినిమా మొత్తంలో ఒక్క డైలాగూ పలకడు. హీరోయిన్ సన్-హ్వా చివరి నిమిషాల దాకా నోరు విప్పదు, మధ్యలో ఒకసారి ఫోన్‌లో పెట్టే కేక తప్ప. అయినా వాళ్లిద్దరి మధ్య ఏం జరుగుతోందో ప్రేక్షకుడికి ఒక్క క్షణం కూడా అనుమానం రాదు.

ఈ సినిమా గురించి రాసినవాళ్లలో చాలామంది ‘కలలాంటి సినిమా’ అన్న మాట వాడారు. ఆ మాట తప్పు కాదు. కానీ అది వినగానే పొగమంచు, స్లో మోషన్, మసకబారిన దీపాలు, మత్తుగా సాగే కెమెరా గుర్తొస్తాయి. ‘బిన్-జిప్’లో అవేవీ లేవు. వెలుతురు మామూలు ఇంటి వెలుతురే. కెమెరా చాలాసార్లు కదలకుండా నిలబడి, ఎదురుగా జరిగే పనిని చూస్తూ ఉంటుంది. బకెట్, సబ్బు, స్క్రూడ్రైవర్, కత్తెర, ఇస్త్రీ చేసిన చొక్కా లాంటి మామూలు వస్తువులే ఫ్రేమ్ నిండా ఉంటాయి. చివరికి ప్రేక్షకుడు ఇది నిజమో కలో తేల్చుకోలేని స్థితికి చేరుకుంటాడు. అయితే అక్కడిదాకా తీసుకెళ్లింది మసక దృశ్యాలు కావు, స్పష్టమైన ఇంటిపనులు. ఈ సినిమా గొప్పతనం ఇక్కడే ఉంది.

టే-సుక్ పద్ధతి ఎంత ఆచరణసాధ్యంగా ఉందో గమనించాలి. ఆ రోజుల్లో కొరియా అపార్ట్‌మెంట్ల తలుపులకు చికెన్ సెంటర్లవీ నూడుల్స్ హోటళ్లవీ పాంప్లెట్లు వేలాడటం రోజువారీ దృశ్యం. వాటిని తగిలించే కుర్రాణ్ని ఎవరూ తలెత్తి చూడరు. అంటే నగరానికి కనిపించని మనిషి పాత్రతోనే అతని కథ మొదలవుతోంది. చివర్లో అతను అక్షరాలా కనిపించకుండా పోతే అది గాల్లోంచి ఊడిపడ్డ మాయ అనిపించకపోవడానికి కారణం ఇదే. నంబర్లు నొక్కి తెరిచే డిజిటల్ తాళాలు తర్వాతి కాలంలో కొరియా ఇళ్లలో మామూలైపోయాయి. తాళం చెవి, తాళం రంధ్రం ఇంకా ఉన్న చివరి ఏళ్ల నగరం ఇది. ఇప్పుడు ఇదే కథ తీయాలంటే మొదటి పది నిమిషాలనూ మార్చి రాసుకోవాలి.

అతను చేసే రిపేర్లన్నీ మంచికే దారితీయవు. ఒక ఇంట్లో పిల్లాడి బొమ్మ తుపాకీ పనిచేయడం లేదని విప్పి సరిచేస్తాడు. ఆ కుటుంబం సెలవుల నుంచి చిరాకుగా తిరిగొస్తుంది. పిల్లాడు ఆ తుపాకీని తల్లి వైపు గురిపెట్టి పేలుస్తాడు. పనిచేయదనుకున్నది పనిచేస్తుంది. మాటల్లేకుండా సాగే ఈ ప్రేమకథలో హింస ఎక్కడెక్కడ పొంచి ఉందో అప్పుడే తెలిసిపోతుంది. ఇతరుల ఇంట్లో అడుగుపెట్టి ఎంత మంచి చేసినా దాని ఫలితం మన చేతుల్లో ఉండదన్న ఎరుక ఈ సినిమాలో మొదటి నుంచీ ఉంది. టే-సుక్‌ను దేవదూతగా చూపించే సినిమా కాదిది.

సన్-హ్వా పరిచయమయ్యే ఇల్లు పెద్ద బంగళా. పెరట్లో గోల్ఫ్ ప్రాక్టీసు కోసం వల కట్టి ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేరనుకుని టే-సుక్ ఎప్పటిలాగే తన పనులు చేసుకుంటూ పోతాడు. ముఖం కమిలిపోయిన ఆ ఇంటి ఇల్లాలు చడీచప్పుడు లేకుండా అతని వెనకాలే తిరుగుతూ అన్నీ చూస్తుంటుంది. ఈ వరుస చాలా ముఖ్యం. ఇతరుల ఇళ్లలో కనపడకుండా తిరిగేవాణ్ని, తన ఇంట్లోనే కనపడకుండా బతుకుతున్న ఒక మనిషి ముందుగా చూసింది. భర్త కొట్టిన దెబ్బల గురించి ఆమె ఎవరికీ చెప్పదు. అతను అడగడు. ఆమె తొడుక్కోవడానికి బట్టలు తీసి పెడతాడు, పాట పెడతాడు. ఆ పాట నతాషా అట్లాస్ పాడిన అరబ్బీ గీతం ‘గాఫ్సా’. ఆ ఇద్దరికీ, బహుశా దర్శకుడికి కూడా, అర్థం తెలియని భాష. సినిమాలో మళ్లీ మళ్లీ వినిపించే ఆ పాటను మాటల కోసం కాకుండా గొంతు కోసం వింటాం. ఇలాంటి సినిమాకు అంతకంటే సరైన ఎంపిక దొరకదు.

అసలు ఈ సినిమాలో ఎవరు మాట్లాడతారో చూస్తే చాలా సంగతులు బోధపడతాయి. భర్త మాట్లాడతాడు. ఫోన్‌లో బతిమాలతాడు, బెదిరిస్తాడు, తానెంత ప్రేమించాడో ఏకరువు పెడతాడు. పోలీసులు మాట్లాడతారు. ఇంటికి తిరిగొచ్చిన దంపతులు ఒకరి మీద ఒకరు నిందలు వేసుకుంటూ మాట్లాడతారు. మాట ఇక్కడ ఎక్కువగా హక్కును చాటుకోవడానికో, తప్పును కప్పిపుచ్చడానికో వాడే పనిముట్టు. ఆ ఇద్దరి మౌనం మూగతనం కాదు, సిగ్గు కాదు. ‘ఇది నాది’ అనే వాక్యాన్ని నోట రానివ్వకపోవడం. టే-సుక్ ఏ ఇంటినీ నాది అనడు. ఆమెను కూడా నాది అనడు. పెరట్లో భర్త మీదికి అతను గోల్ఫ్ బంతులు కొట్టాక, మోటార్ సైకిల్ స్టార్ట్ చేసి ఆగుతాడు. ఎక్కాలా వద్దా అనే నిర్ణయం ఆమెదే.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇళ్లు మారుతూ బతుకుతారు. ఒక ఫోటోగ్రాఫర్ ఇంట్లో గోడ మీద సన్-హ్వా చిత్తరువే వేలాడుతూ కనిపిస్తుంది. ఆమె ఒకప్పుడు మోడల్. ఆమె ఆ ఫోటోను చదరపు ముక్కలుగా కత్తిరించి, క్రమం మార్చి మళ్లీ అతికించి, అదే చోట తగిలిస్తుంది. ముఖం ముక్కలై, ఎవరిదో గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. సినిమాలో సన్-హ్వా తనంతట తాను చేసిన మొదటి ‘రిపేరు’ ఇదేనని చెప్పుకోవచ్చు. టే-సుక్ విరిగినవాటిని యథాస్థితికి తెస్తే, ఆమె చక్కగా ఉన్న బొమ్మను విడగొట్టి తనకు నచ్చినట్టు పేర్చుకుంటుంది. ఇతరులు చూసి మురిసే తన రూపం మీద ఆమెకు దక్కిన ఏకైక అధికారం అది.

ఈ దృశ్యానికి తెర వెలుపల ఇంకో బరువు కూడా ఉంది. సన్-హ్వాగా నటించిన లీ సుంగ్-యోన్ మిస్ కొరియా పోటీల నుంచి వచ్చి టీవీలో పేరు తెచ్చుకున్న నటి. 2004 ఫిబ్రవరిలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన కొరియా మహిళల ఇతివృత్తంతో ఆమె చేసిన ఒక ఫోటో షూట్ దేశమంతా ఆగ్రహం రేపింది. బతికున్న బాధితుల దగ్గరికి వెళ్లి ఆమె క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. ఆ తర్వాత కొద్ది నెలలకే, అదే ఏడాది, ఒక్క మాటా మాట్లాడకుండా తన ఫోటోను తానే ముక్కలు చేసుకునే స్త్రీగా ఆమె కనిపించింది. కొరియా ప్రేక్షకులు ఆ నేపథ్యాన్ని పక్కనపెట్టి ఈ సన్నివేశాన్ని చూసి ఉండటం కష్టం. బయటి ప్రేక్షకులకు ఆ పొర అందదు.

ఇళ్లలోకెల్లా అందమైనది ఒక హానోక్, అంటే పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, చిన్న ముంగిలి ఉన్న సంప్రదాయ కొరియా ఇల్లు. అక్కడ ఇద్దరూ కూర్చుని టీ తాగుతారు. ఆమె పాదం నెమ్మదిగా జరిగి అతని పాదాన్ని తాకుతుంది. అంతే. ఈ సినిమాలో శృంగారం ఎక్కువ భాగం ఈ కొలతలోనే ఉంటుంది. తర్వాత ఒకరోజు, భర్త ఇంటికి తిరిగి చేరిన సన్-హ్వా ఒంటరిగా ఆ హానోక్‌కు నడిచి వస్తుంది. ఇంటివాళ్లు ఉన్నప్పుడే లోపలికి వెళ్లి, సోఫాలో పడుకుని నిద్రపోతుంది. ఆ దంపతులు ముందు ఆశ్చర్యపోయినా, లేపకుండా వదిలేస్తారు. సినిమాలో అన్ని ఇళ్లూ ఆమెను వెళ్లగొట్టేవో బంధించేవో అయితే, పేరైనా తెలియని మనిషిని కాసేపు నిద్రపోనిచ్చిన ఇల్లు ఇదొక్కటే. ఇంత చిన్న మర్యాదను ఇంత పెద్దగా అనిపించేలా చేయడం మామూలు దర్శకుడి వల్ల అయ్యే పని కాదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచేది ఒక ఇరుకు అపార్ట్‌మెంట్. తలుపు తీస్తే నేల మీద ఒక ముసలాయన చనిపోయి ఉంటాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఇద్దరూ పారిపోవచ్చు. పారిపోరు. శవాన్ని శుభ్రం చేసి, కొరియా ఆచారం ప్రకారం బట్టలో చుట్టి కట్టి, ఆ ఆవరణలోనే పాతిపెడతారు. కెమెరా ఆ పనిని తొందరపడకుండా చూపిస్తుంది. గుడ్డ మడతలు, కట్టే ముడులు, చేతుల్లోని శ్రద్ధ అన్నీ కనిపిస్తాయి. బట్టలు ఉతికేటప్పుడు చూపించిన శ్రద్ధే ఇక్కడా ఉంటుంది. కొడుకు వస్తాడు, పోలీసులు వస్తారు, ఇద్దరూ హంతకులవుతారు. పోస్ట్‌మార్టమ్‌లో ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడని తేలుతుంది. తండ్రిని ఒంటరిగా వదిలేసిన కొడుక్కి ఇంటి మీద చట్టబద్ధమైన హక్కుంది. తండ్రికి అంత్యక్రియలు చేసినవాళ్లకు సంకెళ్లు పడ్డాయి. ఈ వైరుధ్యం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. పెద్ద నగరాల్లో ఒంటరిగా బతికి ఒంటరిగా పోయే వృద్ధుల సమస్య ఆ దేశంలో ఆ తర్వాతి ఏళ్లలో ఎంత పెద్ద చర్చ అయిందో తెలిసినవాళ్లకు ఈ ఘట్టం ఇప్పుడు మరింత గుచ్చుకుంటుంది.

ఇక గోల్ఫ్. త్రీ ఐరన్ అంటే గోల్ఫ్ బ్యాగులో ఉండే ఒక క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర. దాంతో బంతిని సరిగ్గా కొట్టడం కష్టం, అందుకే చాలామంది దాన్ని తీయనే తీయరు. సంపన్నుల ఆటలో అక్కరకు రాని వస్తువు టే-సుక్ చేతిలో ఆయుధమవుతుంది. బంతికి తీగ కట్టి చెట్టుకు బిగించి అతను సాధన చేస్తుంటే, సన్-హ్వా వెళ్లి దెబ్బకు అడ్డంగా నిలబడుతుంది. అతను పక్కకు జరుగుతాడు, ఆమె మళ్లీ జరుగుతుంది. ఒకరోజు తీగ తెగి బంతి వెళ్లి దారిన పోయే కారుకు తగిలి, లోపల కూర్చున్న స్త్రీ తీవ్రంగా గాయపడుతుంది. టే-సుక్ కుంగిపోతాడు. సినిమా మాత్రం ఆ స్త్రీ దగ్గర ఆగదు. ఆమెకేమైందో చెప్పదు. హీరో బాధను చూపించడానికే ఆమె గాయం వాడుకోవడం ఈ కథలో మింగుడుపడని విషయం. అంతటి జాగ్రత్త గల సినిమాలో ఈ అజాగ్రత్త కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

జైలు భాగం నుంచి సినిమా నేల విడుస్తుందని చాలామంది అంటారు. నిజానికి అక్కడ కూడా అంతా కష్టపడి నేర్చుకున్న విద్యే. తెల్లటి ఖాళీ గదిలో టే-సుక్ కనపడకుండా ఉండటం సాధన చేస్తాడు. గార్డు తలుపు తీసేసరికి గోడ ఎక్కి ఉంటాడు. దొరికిపోతాడు, దెబ్బలు తింటాడు. మళ్లీ ప్రయత్నిస్తాడు. మనిషి కళ్లకు ముందున్న సగం ప్రపంచమే కనిపిస్తుంది కాబట్టి, వెనకున్న సగంలో ఉండిపోతే చాలని లెక్క వేసుకుంటాడు. గార్డు తిరిగితే తానూ అతని వీపు వెనకే తిరుగుతాడు, అడుగులో అడుగు వేస్తూ, ఊపిరి బిగపట్టి. అరచేతిలో ఒక కన్ను గీసుకుంటాడు. ప్రతిసారీ కొంచెం మెరుగవుతాడు. తలుపుల మీద పాంప్లెట్లు తగిలించిన ఓపికే ఇక్కడ తన శరీరం మీద పెడుతున్నాడు. కాబట్టి అతను నిజంగా మాయమయ్యే క్షణం ఎప్పుడొచ్చిందో గీత గీసి చెప్పలేం. ఒక్కో మెట్టూ నమ్మదగ్గదే, కానీ మెట్లన్నీ ఎక్కాక ఉన్న చోటు నమ్మలేనిది.

ముగింపు గురించి మూడు వాదనలున్నాయి. టే-సుక్ జైల్లోనే చనిపోయాడు, ఇంటికి వచ్చింది ఆత్మ అన్నది ఒకటి. సన్-హ్వా ఒంటరితనంలోంచి అతన్ని ఊహించుకుంటోందన్నది రెండోది. అతను నిజంగానే ఉన్నాడు, విద్య సాధించాడు అన్నది మూడోది. మూడింటికీ సినిమాలో ఆధారాలు దొరుకుతాయి. మనం జీవిస్తున్న లోకం నిజమో కలో చెప్పడం కష్టమన్న అర్థంలో తెర మీద వచ్చే చివరి వాక్యం ఏ ఒక్కదాన్నీ ఖాయం చేయదు. తాను సీతాకోకచిలుకనని కలగన్న చైనా తాత్వికుడు జ్వాంగ్ జీ, నిద్ర లేచాక సీతాకోకచిలుకే తనను కలగంటోందేమోనని సందేహించిన కథ ఆ ప్రాంతంలో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. అయితే ఈ మూడు వాదనల్లో ఏది ఒప్పుకున్నా ఆ చివరి సన్నివేశాల్లో అసలు విషయం ఒకటుంది. అది సన్-హ్వా మాట.

రాత్రి ఇంట్లో భర్త వెనక టే-సుక్ నిలబడి ఉంటాడు. సన్-హ్వా చేతులు చాచి ‘ప్రేమిస్తున్నాను’ అంటుంది. తనతోనే అన్నదనుకుని భర్త పొంగిపోయి కౌగిలించుకుంటాడు. అతని భుజం మీదుగా ఆమె టే-సుక్‌ను ముద్దు పెట్టుకుంటుంది. పోస్టర్లకెక్కిన చిత్రం ఇదే. అంతసేపూ అబద్ధాలకీ అధికారానికీ వాడిన మాట అనే పనిముట్టును ఆమె మొదటిసారి చేతిలోకి తీసుకుంది. వింటున్నవాడికి అది అబద్ధం, భర్తకు కనిపించనివాడికి అది నిజం. ఒక్క మాట ఒకేసారి రెండూ అయింది. ఆమె మౌనం వీడటం విముక్తి అని కొందరు రాశారు గానీ, ఆ మాటలో విముక్తితో పాటు నేర్చుకున్న జిత్తు కూడా ఉంది. కొట్టే మొగుడున్న ఇంట్లో బతకాల్సి వచ్చిన మనిషికి అది తప్పు కాదు.

ఆఖరున భర్త బయటికి వెళ్లాక ఇద్దరూ కలిసి బరువు తూచే మెషీన్ మీద నిలబడతారు. ముల్లు సున్నా చూపిస్తుంది. ఆ మెషీన్‌ను టే-సుక్ మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడే మనం చూశాం. ఎవరి మీదా బరువు మోపకుండా, దేన్నీ సొంతం చేసుకోకుండా ఇద్దరు ఉండగలగడం ఈ సినిమా దృష్టిలో ప్రేమకు పరాకాష్ఠ. ఆ ఊహ అందమైనదే. కానీ ఆ మెషీన్ ఉన్నది భర్త ఇంట్లో. అతనికి ఏ శిక్షా పడలేదు. పోలీసుకు లంచమిచ్చి టే-సుక్ మీద గోల్ఫ్ బంతులు కొట్టే ఏర్పాటు చేసుకున్నవాడు, పొద్దున్నే తృప్తిగా భోజనం చేస్తున్నాడు. సన్-హ్వా ఆ ఇంట్లోనే ఉంది.

ఈ ఇబ్బందిని దర్శకుడి జీవితం ఇంకా పెంచుతుంది. ఉత్తర గ్యోంగ్‌సాంగ్ ప్రాంతంలో పుట్టి, నౌకాదళ సైనికుడిగా పనిచేసి, పారిస్‌లో బొమ్మలు వేసుకుని బతికిన కిమ్ కి-డుక్ 1996లో సినిమాల్లోకి వచ్చాడు. 2004 అతనికి అసాధారణమైన ఏడాది. ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ‘సమారియా’కు, సెప్టెంబర్‌లో వెనిస్ చిత్రోత్సవంలో ‘బిన్-జిప్’కు ఉత్తమ దర్శకుడి పురస్కారాలు వచ్చాయి. వెనిస్‌లో ఈ సినిమాను ముందుగా ప్రకటించకుండా ఆశ్చర్య చిత్రంగా వేశారు. మధ్యలో మేలో కాన్ చిత్రోత్సవంలో మరో కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ ‘ఓల్డ్‌బాయ్’కి గ్రాండ్ ప్రీ పురస్కారం వచ్చింది. అదే సమయంలో ఆ దేశంలో యుద్ధ చిత్రాలకు కోటి మందికి పైగా జనం వెళ్తున్నారు. కిమ్ సినిమాలకు స్వదేశంలో ప్రేక్షకులు ఎప్పుడూ కొద్దిమందే. విదేశీ పండుగల్లో మాత్రం ఆయనకు బ్రహ్మరథం పట్టారు. 2013లో కేరళ అంతర్జాతీయ చిత్రోత్సవానికి తిరువనంతపురం వచ్చినప్పుడు ఒక స్టార్ హీరోకు దొరికేటంత ఆదరణ దొరికింది.

తర్వాత కథ మారింది. సెట్‌లో ఒక నటిని కొట్టిన కేసులో ఆయనకు జరిమానా పడింది. 2018లో కొరియా టీవీ కార్యక్రమంలో కొందరు నటీమణులు లైంగిక దాడి ఆరోపణలు చేశారు. ఆయన ఖండించి దావా వేసినా కోర్టులో నెగ్గలేదు. 2020 డిసెంబర్‌లో కోవిడ్‌తో లాత్వియాలో మరణించాడు. దెబ్బలు తిన్న స్త్రీ ముఖాన్ని ఇంత దగ్గరగా చూసిన సినిమా తీసింది ఆయనే. ఆ రెండింటినీ కలిపి చూడటం బాధాకరం, విడదీసి చూడటం అన్యాయం. సన్-హ్వాను ఇంటి నుంచి బయటికి నడిపించకుండా, ఆమెకు తోడుగా కనిపించని ప్రియుణ్ని ఇచ్చి సరిపెట్టిన ముగింపును 2004లో కవిత్వమని మెచ్చుకున్నారు. ఇవాళ చూసేవాళ్లు, ముఖ్యంగా స్త్రీలు, అది సరిపోతుందా అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న సినిమాకు బయటి నుంచి వచ్చింది కాదు. తన ఫోటోను ముక్కలు చేసి, నచ్చినట్టు పేర్చుకున్న సన్-హ్వా లోపలి నుంచే అడిగింది.

కొరియా సీరియళ్లకు అలవాటుపడ్డ తెలుగు ప్రేక్షకులు దీన్ని చూడాలనుకుంటే ఒక మాట. టే-సుక్‌గా చేసిన జే హీ మరుసటి ఏడాదే చున్‌హ్యాంగ్ జానపద గాథను నేటి కాలానికి మార్చి తీసిన టీవీ సీరియల్‌లో గలగలా మాట్లాడే హీరోగా ప్రజాదరణ పొందాడు. ఆ నటుడే ఇక్కడ భుజాలు, మెడ, చేతివేళ్లతో మొత్తం పాత్రను నిలబెట్టాడు. సబ్‌టైటిల్స్ చదివే పని ఎక్కువ ఉండదు కాబట్టి కళ్లు అతని చేతుల మీద పెట్టి చూడండి. బట్టలు ఉతికేటప్పుడు, శవానికి ముడి వేసేటప్పుడు, జైలు గదిలో గార్డు వీపుకు అంగుళం దూరంలో తేలుతున్నప్పుడు ఆ చేతుల్లో తేడా ఏముందో గమనిస్తే, ఈ సినిమా కలలోకి ఎప్పుడు దాటిందన్న ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్లకు దొరుకుతుంది.